ఆహారశుద్ధి – నేటి విస్తరి

ఛాందోగ్యోపనిషత్తునందలి సప్తమాధ్యాయమున నారదుడు శోకమును దాటు మార్గమును తెలిసికొనగోరి సనత్కుమారుని ఆశ్రయించెను. వేదములు, ఇతిహాస పురాణములు, గణితము, నక్షత్రవిద్య మొదలుగా తాను చదివిన విద్యలనెల్ల ఏకరువు పెట్టి, ఇన్ని తెలిసియు తన శోకము తీరలేదని విన్నవించుకొనెను. గురువు ఆయనను నామము మొదలుకొని ఒక్కొక్క మెట్టుగా ఎక్కించి భూమతత్త్వము వరకు కొనిపోయెను. ఆ మెట్లలో అన్నము కూడ ఒకటి. పదిదినములు భుజింపనివాడు బ్రదికియున్నను చూడలేడు, వినలేడు, తలపోయలేడు అని అచట ఉన్నది. కడకు, అంత ఎత్తునకు చేర్చిన పిమ్మట, ఉపదేశము ముగియబోవు తరుణమున సనత్కుమారుడు మరల ఆహారము ప్రస్తావనయే తెచ్చెను. ఆహారము శుద్ధమైనచో అంతఃకరణము శుద్ధమగుననియు, దానివలన స్మృతి నిలుకడ చెందుననియు, ఆ స్మృతి లభించినవానికి హృదయగ్రంథులన్నియు విడిపోవుననియు ఆయన వాక్యమునకు తాత్పర్యము.

ఈ వాక్యమును చదివి మనస్సువైపు చూచినవారు కొందరు, వంటఇంటివైపు చూచినవారు కొందరు. శంకర భగవత్పాదులు ఆహారమనగా లోనికి కొనిరాబడునది యని అర్థము చెప్పిరి. శబ్దము, స్పర్శ, రూపము మొదలగు విషయముల జ్ఞానము ఇంద్రియద్వారముల గుండ భోక్తను చేరుచున్నది. రాగద్వేషమోహములు అంటకుండ ఆ జ్ఞానము కలుగుటయే ఆహారశుద్ధి యని వారి భాష్యము. భగవద్రామానుజులు శ్రీభాష్యారంభమున పూర్వాచార్యుడైన వాక్యకారుని అనుసరించి భక్తికి సాధనములేడింటిని పేర్కొనుచు, అందు మొదటిదగు వివేకమునకు అన్నవిచారణ యను అర్థమునే గ్రహించిరి. అన్నమునకు మూడు విధముల దోషము సంభవించును. పదార్థముయొక్క స్వభావమునుబట్టి వచ్చునది జాతిదోషము. అది ఎవరివలన లభించెనో వారినిబట్టి వచ్చునది ఆశ్రయదోషము. వెండ్రుక, దుమ్ము, ఎంగిలి మున్నగువాని సంపర్కముచే కలుగునది నిమిత్తదోషము. ఈ మూడును లేని అన్నము దేహమును శుద్ధి చేసి, తద్ద్వారా చిత్తమును శుద్ధి చేయునని వారి మతము.

వివేకానందస్వామి భక్తియోగమున ఈ రెండు వ్యాఖ్యానములను ప్రక్కప్రక్కన నిలిపి, పైకి విరుద్ధములుగా తోచినను రెండును సత్యములే, రెండును ఆవశ్యకములే యని నిర్ణయించిరి. అట్లు చెప్పిన స్వామియే 1897లో అమెరికానుండి మరలివచ్చి దక్షిణదేశమున ఊరూర ప్రసంగించుచు, మన మతము వంటఇంటిలో చిక్కుకొన్నదనియు, కుండయే మనకు దైవమైనదనియు తీవ్రముగా మందలించిరి. అన్నశుద్ధి సాధనమని తెలిసినవారు కనుకనే అది సాధ్యమై కూర్చుండుటను వారు సహింపలేకపోయిరి.

నేటి పాఠకునకు ఈ విచారణతో పని యేమి? ఒక గృహమును ఊహింతము. ముప్పదియేండ్ల గృహస్థు మంత్రదీక్ష గైకొనెను. నాటినుండి చేపలు, మాంసము, గ్రుడ్లు విడిచెను. శుభమే. కాని నెలతిరుగకముందే ఆ నియమము ఇంటి పొయ్యిమీదికి కూడ ఎక్కెను. భార్య ఐదవనెల గర్భవతి. రక్తము తక్కువగా నున్నదని ఆసుపత్రిలో చెప్పిరి. తల్లి ఒకనాడు, “నాయనా, నీ నియమము నీది. కోడలికి వారమునకు రెండుసార్లైన చేపలకూర పెట్టనిమ్ము. కడుపులో బిడ్డ యున్నది” అనెను. “అమ్మా, ఆహారశుద్ధి లేనిచో చిత్తశుద్ధి లేదని ఉపనిషత్తే చెప్పుచున్నది. పుట్టబోవు బిడ్డకు ఆ సంస్కారము అక్కరలేదా?” అని ఆతడు బదులు చెప్పెను. కోడలు ఏమియు పలుకలేదు. ఈ ఇల్లు కల్పితమే. కాని ఇట్టి ఇండ్లు తెలుగునాట లేకపోలేదు. ఆ గృహస్థుని మాటలో శ్రద్ధ యున్నది. దానితో పాటు ఏమి కలసియున్నదో చూడవలెను.

ధర్మవ్యాధుని అంగడి

మహాభారతము, వనపర్వమునందలి ధర్మవ్యాధోపాఖ్యానము తెలియని తెలుగువారు అరుదు. కోపదృష్టిచే కొంగను దహించిన కౌశికుడు ఒక గృహిణి వాకిట భిక్షకు నిలిచి, ఆలస్యమునకు కినుక వహించగా, తాను కొంగను కానని ఆమె చెప్పి, ధర్మసూక్ష్మము నెరుగగోరినచో మిథిలకు పొమ్మనెను. మిథిలలో ఆతడు చూచినది మాంసపు అంగడి. లేడి మాంసము, దున్న మాంసము అమ్ముచు బేరగాండ్ర నడుమ కూర్చుండినవాడే ఆతని గురువు. సాధారణముగా మనము ఈ కథను స్వధర్మమునకు ఉదాహరణముగ చదివి ఊరకుందుము. ఆ వ్యాధుడు అహింసను గూర్చి చేసిన విచారణను అంతగా పట్టించుకొనము. నా దృష్టిలో ఆ భాగమే నేటికి ఎక్కువ అవసరము.

వ్యాధుడు తన వృత్తిని గొప్పదని చెప్పుకొనలేదు. అది ఘోరమనియే ఒప్పుకొనెను. తాను స్వయముగా చంపననియు, ఇతరులు చంపినవానిని విక్రయింతుననియు, మాంసము తినననియు తెలిపెను. పిమ్మట ఎదుటివాని కన్నులు తెరపించు ప్రశ్నలు వేసెను. కృషి ఉత్తమమందురు గదా. నాగలి భూమిని చీల్చునప్పుడు ఎన్ని ప్రాణులు నశించుచున్నవి? వడ్లు మొదలగు ధాన్యబీజములయందు జీవము లేదా? నడచువాని కాలిక్రింద ఎన్ని పురుగులు నలగుచున్నవి? హింస చేయనివాడు ఈ లోకమున ఎవడు? అహింసాపరులైన యతులచేతను హింస జరుగుచునే యున్నది. అయినను వారి ప్రయత్నమువలన అది మిక్కిలి స్వల్పమగుచున్నది యని ఆతడు ముగించెను.

చూడుడు: ఈ వాదమును సగము వరకే తీసికొన్నవాడు, ఎట్లును హింస తప్పదు గదా, ఏది తిన్నను ఒకటే యని తృప్తి చెందును. కాని వ్యాధుడు సగములో ఆగలేదు. ప్రయత్నముచే హింస తగ్గుననుట ఆతని మాట. అట్లే, నేను శాకాహారిని గనుక నా విస్తరికి ఏ ప్రాణి ఋణమును లేదని గర్వించువానికిని ఆతడు చోటు మిగల్చలేదు. మొదటివానికి బద్ధకము, రెండవవానికి అహంకారము అడ్డుపడుచున్నవి. ఎంత తక్కువ హానితో ఈ దేహమును, నన్ను నమ్ముకొన్నవారి దేహములను నిలుపగలను అను ప్రశ్నను వ్యాధుడు మనచేతికి ఇచ్చెను. దీనికి సమాధానము చెప్పవలెనన్నచో శాస్త్రగ్రంథములతో పాటు నేటి వైద్యమును, వ్యవసాయమును కూడ సంప్రదింపక తప్పదు.

దేహము, మనస్సు

అదే ఛాందోగ్యమున ఆరవ అధ్యాయములో ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతునకు చేయించిన పరీక్ష యొకటి కలదు. భుజించిన అన్నముయొక్క సూక్ష్మాంశము మనస్సగునని చెప్పి, నమ్మకము కలుగుటకై పదునైదు దినములు నీరు మాత్రము త్రావి యుండుమనెను. పదునారవనాడు వేదము వల్లింపుమనగా శ్వేతకేతునకు ఒక్క మాటయు స్ఫురింపలేదు. అన్నము తిని వచ్చిన తరువాత అడిగినదెల్ల చెప్పగలిగెను. ఉపవాసమునకు ఉన్న మహిమను ఎంత కొనియాడినను, ఉపనిషత్తు ఈ ప్రయోగమును కూడ మనముందు ఉంచినదని మరువరాదు. క్షీణించిన దేహమున స్మృతి నిలువదు.

ఇపుడు మన దేశపు లెక్కలు చూతము. 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేక్షణము ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నది. గర్భవతులలో నూటికి 52 మంది. దీనికి కారణము శాకాహారమే యని తొందరపడి తీర్పు చెప్పబోవువారు మరియొక లెక్కను కూడ చూడవలెను. 2014లో జరిగిన నమూనా నమోదు సర్వేక్షణమునుబట్టి తెలంగాణమునను, ఆంధ్రప్రదేశమునను పదునైదేండ్లు దాటినవారిలో నూటికి 98 మంది మాంసాహారులు. అయినను ఈ రెండు రాష్ట్రములలోను సగముకంటె ఎక్కువమంది స్త్రీలు రక్తహీనతతోనే యున్నారు. అనగా మాంసాహారి యను పేరు ఆ తల్లులను కాపాడలేదు. ఆదివారమునాడు కూరలో పడిన నాలుగు ముక్కలు మొదట ఇంటి మగవారికి, పిమ్మట పిల్లలకు వడ్డింపబడి, అడుగున మిగిలిన పులుసు ఆమెకు దక్కినప్పుడు ఆ పేరువలన ప్రయోజనమేమి?

భగవద్గీత పదునేడవ అధ్యాయమున సాత్త్వికాహారమును వర్ణించు చోట ఏ కూరగాయ పేరును లేదు, ఏ జంతువు పేరును లేదు. ఆయువును, సత్త్వమును, బలమును, ఆరోగ్యమును, సుఖమును, ప్రీతిని పెంచునవనియు, రసవంతములు, స్నిగ్ధములు, దేహమున నిలుచునవి, మనస్సునకు హితములైనవనియు గుణములే చెప్పబడినవి. బలము, ఆరోగ్యము ఆ పట్టికలోనివే. చల్లారి చవిచెడినది, నిలువయున్నది, ఇతరులు తినగా మిగిలినది తామసమని కూడ అచటనే యున్నది. అందరికిని వడ్డించి, కడపట చల్లారిన అన్నమును, మిగిలిన కూరను తినుట మన ఇండ్లలో ఎవరి వంతో పాఠకులకు తెలియును. ఉల్లిపాయనుగూర్చి ఇంత చర్చ చేయు మనము ఈ శ్లోకభాగమును ఇంటిలో ఎన్నడైన అన్వయించి చూచితిమా?

శాకాహారము చాలునా యను ప్రశ్నకు చాలునని సమాధానము; కాని ఎట్టి శాకాహారమో చెప్పవలెను. తెల్లని అన్నపు రాశి, దానిపై పలుచని చారు, ఒక ఊరగాయ ముక్క – ఇది కూడ శాకాహారమే. మరపట్టిన పచ్చిబియ్యమే ప్రధానముగా తినుటవలన ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున మన ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి వ్యాపించియుండెను. ఉప్పుడుబియ్యము తిను ప్రాంతములలో అది అంతగా లేకుండెను. తవుడుతో పాటు పోయినది బి-1 విటమిను. దక్కను పీఠభూమిలో జొన్నతప్ప వేరేమియు దొరకని పేదలకు పెల్లాగ్రా వచ్చుచుండుటను హైదరాబాదునందలి పోషకాహార పరిశోధకులు 1960 ప్రాంతమున శోధించిరి. వరియు మంచిదే, జొన్నయు మంచిదే. ఒక్కదానినే నమ్ముకొనుట ప్రమాదము.

ఆ పరిశోధనాసంస్థ చరిత్ర ముచ్చటైనది. 1918లో నీలగిరులలోని కూనూరున రాబర్టు మెకారిసన్ బెరిబెరిని పరిశోధించుటకై ఒక చిన్న గదిలో ఆరంభించిన పని 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చినది. ఆ సంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో 2000 కిలోకేలరీలు అవసరమగు మనిషికి దినమునకు ధాన్యములు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు, పండ్లు 100 గ్రాములు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు అని చెప్పబడినవి. పప్పులకు బదులుగా గ్రుడ్లు, చేపలు, మాంసము కొంత తీసికొనవచ్చును.

ఇందు మాంసకృత్తుల లెక్క చూతము. అరువది కిలోల మనిషికి దినమునకు సుమారు 50 గ్రాములు కావలెను. 250 గ్రాముల ధాన్యమునుండి దాదాపు 20, 85 గ్రాముల కందిపప్పునుండి 18 లేక 19, పాలనుండి 10, గుప్పెడు వేరుశనగలనుండి 8 గ్రాములు లభించును. లెక్క సరిపోయినది. ధాన్యములలో కొరతగానున్న లైసిను పప్పులలో సమృద్ధిగా నున్నది. పప్పులలో కొరతగానున్న మెథియొనిను ధాన్యములు ఇచ్చును. పప్పును అన్నములో కలుపుకొను మన పూర్వులు ఈ పేర్లు వినకయే ఆ పని చేసిరి. అయితే 85 గ్రాముల పప్పు అనగా ఎంతయో ఒకనాడు తూచి చూడుడు. మన ఇండ్లలో ఒక్కొక్కరి విస్తరిలో పడునది అందులో సగమైన ఉండునా?

కాని ఒకచోట శాకాహారమునకు నిజమైన లోపము కలదు. దానిని దాచిపెట్టుట సత్యవ్రతమునకు తగదు. బి-12 విటమినును మొక్కలు తయారుచేయవు. అది సూక్ష్మజీవులవలన పుట్టి, జంతుసంబంధమైన ఆహారము ద్వారా మనకు చేరును. పాలు పెరుగు సమృద్ధిగా తీసికొను శాకాహారికి కొంత లభించును. అవి కూడ లేనివారు మాత్ర రూపమున తీసికొనక తప్పదు. ఇది లోపించినచో రక్తము క్షీణించుటయేగాక నరములు దెబ్బతినును. గర్భవతికి లోపించినచో శిశువుయొక్క మెదడు ఎదుగుదలకు హాని. ఇనుము సంగతి వేరు. తోటకూర, గోంగూర, మునగాకు, నువ్వులు, సజ్జలు మొదలగువానిలో ఇనుము ఉన్నది గాని, మాంసములోని ఇనుమువలె అది సులభముగా ఒంటబట్టదు. భోజనముతో నిమ్మరసమో, ఉసిరికాయయో, జామపండో తీసికొన్నచో ఎక్కువగా పట్టును. భోజనము ముగియగనే కాఫీయో తేనీరో త్రాగినచో ఆ ఫలము చాలవరకు పోవును. రాగులలో వంద గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా సున్నము ఉన్నది. ఏ ధాన్యమునకును అంత లేదు.

మాంసముయొక్క పోషకశక్తిని మన ప్రాచీనులు నిరాకరింపలేదు. చరకసంహిత దేహమును పుష్టి చేయువానిలో మాంసమును, జీవనమిచ్చువానిలో పాలను అగ్రస్థానమున నిలిపినది. కృశించిన రోగికి మాంసరసమును విధించినది. ఔషధముగ విధింపబడిన దానిని ముప్పూటల విందుగ మార్చుకొనుట మరియొక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధనా విభాగము 2015లో, ఉప్పువేసియో పొగపట్టియో నిలువచేసిన మాంసము కేన్సరు కారకమని తేల్చినది. గొడ్డు, మేక, గొఱ్ఱె, పంది మాంసములను బహుశః కారకములని చెప్పినది.

భూమి, నీరు

మన విస్తరి మన దేహముతోనే ముగియదు. 2018లో సైన్సు పత్రికలో ప్రచురింపబడిన ఒక విస్తృత పరిశోధన 119 దేశములలోని దాదాపు 38,700 పొలముల వివరములను కూర్చి, మాంసము, పాలు, గ్రుడ్లు, చేపల పెంపకము మొదలగునవి ప్రపంచమునందలి వ్యవసాయభూమిలో నూటికి 83 పాళ్లు ఆక్రమించుచు, మానవాళికి కావలసిన కేలరీలలో 18 పాళ్లు, మాంసకృత్తులలో 37 పాళ్లు మాత్రమే ఇచ్చుచున్నవని తేల్చినది. ధాన్యమును పశువునకు పెట్టి ఆ పశువును తినుటలో నడుమ చాల భాగము పోవుచున్నది. నెమరువేయు పశువు కడుపునుండి వెలువడు మీథేను వాయువు భూతాపమును హెచ్చించుచున్నది.

ఈ విషయమున తెలుగునాటికి ఒక విచిత్రమైన సంబంధము కలదు. ఒంగోలు గిత్తలు పందొమ్మిదవ శతాబ్దము నుండి 1960వ దశకపు ఆరంభము వరకును విడతలు విడతలుగా ఓడలెక్కి బ్రెజిలు చేరినవి. నెల్లూరు పేరే అచట నెలోర్ అయినది. నేడు ఆ దేశపు మాంసపు మందలలో అత్యధికభాగము ఆ సంతతియే. మన నేలపై కాడి మోసి, పొలము దున్ని, గరికయు వరిగడ్డియు తిని, సంక్రాంతికి పసుపు కుంకుమలు పూయించుకొన్న జాతి, అచట అమెజాను అరణ్యమును నరికి వేసిన పచ్చికబయళ్లలో మాంసముకొరకు పెరుగుచున్నది. ఆ అరణ్యము నశించుటకు ముఖ్యకారణము పశువుల మేతయే. పశువు అదే. ఇచట అది మనిషి తినలేని గడ్డిని, తవుడును, తెలకపిండిని పాలుగా, ఎరువుగా, దుక్కిబలముగా మార్చినది. అచట అరణ్యమును మాంసముగా మార్చుచున్నది. కావున జంతుసంబంధమగు ఆహారమంతయు ఒకే తూకమున తూచదగినది కాదు.

దూరదేశపు తప్పును ఎన్నుట సులభము, కొల్లేరును చూతము. కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న ఆ మంచినీటి సరస్సు వరదనీటిని ఇముడ్చుకొని, వలసపక్షులకు ఆశ్రయమిచ్చి, గట్టుననున్న బెస్తలకు బ్రతుకు నిచ్చెను. చేపల చెరువులు త్రవ్వి గట్లు పోయగా సరస్సు కుంచించుకొనిపోయినది. 1999లో ఐదవ కాంటూరు వరకు అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అది రామ్సర్ ఒడంబడిక జాబితాకు ఎక్కినది. 2006లో గట్లను తెగగొట్టించిరి. సముద్రతీరమున రొయ్యల చెరువులవలన ఉప్పునీరు పొలములను, త్రాగునీటి బావులను పాడుచేయగా, ఆ వివాదముపై 1996 డిసెంబరులో సుప్రీముకోర్టు కఠినమైన తీర్పు చెప్పవలసివచ్చెను. కోళ్లఫారములలో వాడు మందులవలన సూక్ష్మక్రిములు మొండికెక్కుచున్నవను భయముచే, మానవవైద్యమునకు కడపటి ఆధారమైన కొలిస్టిను మందును పశుపక్ష్యాదులకు వాడరాదని 2019లో కేంద్రప్రభుత్వము నిషేధించినది. ఊరిచెరువులో వలవేసి పట్టిన చేపకును, ఈ చెరువులలోని రొయ్యకును పేరులో పోలికయే గాని పుట్టుకలో పోలిక లేదు.

ఇక శాకాహారి తన విస్తరిని కూడ పరిశీలించుకొనవలెను. నిలువనీటిలో పెరుగు వరిపొలమునుండియు మీథేను వెలువడును. బోరుబావులు ఎండిపోవుచున్న మెట్టప్రాంతమున వరి పండించి తినుట కంటె జొన్నలు, కొఱ్ఱలు, రాగులు తినుట భూమికి తేలిక. చిరుధాన్యముల గౌరవార్థము ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును ప్రత్యేకించినది. మన తాతలు వానిని గౌరవింపకయే దినదినము తినిరి. అన్నింటికంటె చిక్కైనది పాల ప్రశ్న. ఆవుగాని గేదెగాని ఈనినగాని పాలు లేవు. ఈనిన దూడలలో సగము మగవి. ట్రాక్టరు వచ్చిన పిమ్మట ఆ మగదూడకు పొలమున పని లేదు. 2019 పశుగణన ప్రకారము దేశమున 19 కోట్లకు పైగా గోజాతియు, దాదాపు 11 కోట్ల గేదెలును ఉన్నవి. పాలు సాత్త్వికమని పలుకు మనము ఆ దూడ ఏమైనదని పాలవానిని ఎన్నడును అడుగము. అడిగినచో అతడు కూడ చెప్పడు. పాలు మానవలెనని నా అభిప్రాయము కాదు. పాలు త్రావువాడు మాంసము తినువానిని తేలికగా చూడరాదని మాత్రమే.

ఇచట రామానుజులు చెప్పిన ఆశ్రయదోషమును మరల తలచుకొందును. అన్నము ఎవరి చేతినుండి వచ్చెనో వారి దోషము అన్నమునకు అంటునని దాని భావము. కాలక్రమమున మనము దానిని కులమునకు కుదించి, వండినవాని జాతిని అడుగుటకు వాడుకొంటిమి. నా మట్టుకు – ఇది భాష్యకారుల మాట కాదు, వారి మాటనుండి నేటికి పొడిగించుకొన్న ఊహ – గిట్టుబాటు లేక అప్పులపాలైన రైతు పండించిన బియ్యమునకు, కూలి సరిగా ముట్టని కోతమనిషి చెమటకు, ఎండిన బావికి, పాడైన సరస్సుకు, ఆకలితో మలమల మాడిన దూడకు సంబంధించిన దోషమే నేటి ఆశ్రయదోషము. వంటవాని గోత్రముకంటె ఇది విచారింపదగినది.

ఎవరు తగ్గింపవలెను, ఎవరికి పెంచవలెను అను ప్రశ్నకు ఒకే సమాధానము అందరికిని పనికిరాదు. ఆహారమును, భూమిని కలిపి విచారించిన ఈట్-లాన్సెట్ పండితసంఘము 2019లో ప్రకటించిన నివేదికలో, ఉత్తర అమెరికావారు తగినదానికంటె ఆరు రెట్లకు మించి పశుమాంసము తినుచున్నారనియు, దక్షిణాసియావారు అందులో సగమే తినుచున్నారనియు ఉన్నది. బిరియానీ, కోడివేపుడు దినచర్యగా మారిన పట్టణపు కలవారి యింట ఆ ఆరురెట్ల దారి కనబడుచున్నది. వారు తగ్గించుట దేహమునకును, భూమికిని, చిత్తమునకును మేలు. బడిలో మధ్యాహ్నభోజనముతో పెట్టు గ్రుడ్డు ఆ దినమంతటిలో పేదబిడ్డకు దొరకు మంచి మాంసకృత్తి. ఆ గ్రుడ్డును వలదనువారు దానికి తుల్యమైన పాలును, పప్పును తమ ఖర్చుపై సమకూర్చినచో వారి అహింస నమ్మదగినదగును.

మనము విడిచివచ్చిన గృహస్థుని యింటికి మరలిపోదము. ఆతడు మాంసము విడుచుట ఆతని సాధన. దానిని ఎవరును ఆక్షేపింపరు. వ్యాధుడు మాంసము నడుమ కూర్చుండియు తినలేదు గదా. కాని ఆతడు విడిచినది తన విస్తరినుండి; భార్య విస్తరినుండి విడుచుటకు ఆతనికి అధికారమెక్కడిది? ఆమె కూడ స్వయముగా శాకాహారమునే కోరినచో మార్గము లేకపోలేదు. పూటకు గట్టిపప్పు, ఆకుకూర, నిమ్మరసము, రాగిజావ, గుప్పెడు వేరుశనగలు, పూటపూటకు పాలుగాని పెరుగుగాని, ఆసుపత్రివారు ఇచ్చు ఇనుము-ఫోలికామ్లపు మాత్రలు నూట ఎనుబది దినములు తప్పక, వైద్యుడు చెప్పినచో బి-12. వీనినన్నిటిని సమకూర్చుట పప్పు కొనుటకంటె ఓపికతో కూడిన పని. ఆ ఓపిక ఆతనిదే కావలెను, ఆమెది కాదు. ఆమె చేపయో గ్రుడ్డో కోరినచో తల్లి చెప్పిన మాట వినవలెను. రెంటిలో ఏదైనను, ఆమెకు వేడిగా ముందు వడ్డించి తాను పిమ్మట కూర్చుండవలెను.

చేపలకూరకు వేరొక గిన్నె యుంచుకొనవచ్చునని తల్లి చెప్పును. ఉంచుకొనవచ్చును. కాన్పు అయి బిడ్డ పాలు మరచు వరకు ఆ గిన్నెను తోముపని ఆతడు తీసికొన్నచో, ఆతని జపమునకు భంగమేమియు రాదు.